తిప్పితే కలిసేవి, తిప్పితే విడిపోయేవి

మల్కాజ్‌గిరిలో మా అక్క వాళ్ల ఫ్రిజ్ తలుపు తీస్తే పై అరలో ఒక స్టీలు డబ్బా ఎప్పుడూ కనిపిస్తుంది. రోజూ పాలు కాచి, చల్లారాక పైన కట్టిన మీగడ తీసి అందులో వేస్తుంది. పది పన్నెండు రోజులకు డబ్బా నిండాక చెంచాడు పెరుగు వేసి రాత్రంతా తోడు పెడుతుంది. పొద్దున్నే చల్లటి నీళ్లు పోసి మిక్సీలో తిప్పితే కాసేపటికి వెన్న ముద్దలుగా తేలుతుంది. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి ఆ పనే జరుగుతోంది. తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు మిక్సీ పక్కనే నిలబడి ఉంది.

"మామయ్యా, పాలను గిర్రున తిప్పితే కొవ్వు విడిపోతుందని మా సైన్సు పుస్తకంలో ఉంది. సెంట్రిఫ్యూజ్ అట. అమ్మ కూడా తిప్పుతోంది, వెన్న వస్తోంది. అంటే మిక్సీ కూడా సెంట్రిఫ్యూజేనా?"

అవునని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నేను నోరు తెరిచేలోపే రెండో ప్రశ్న వచ్చింది. "నిన్న ఇదే మిక్సీలో పాలూ నూనే వేసి మయోనీజ్ చేశాను. అవి విడిపోలేదు సరికదా, మళ్లీ విడదీయలేనంతగా కలిసిపోయాయి. తిప్పితే కలుస్తాయా, విడిపోతాయా?"

ఇంత మంచి ప్రశ్నను నేను ఈ మధ్య వినలేదు. సెంట్రిఫ్యూజ్ గురించి రాసే చాలా వ్యాసాలు 'అపకేంద్ర బలం బరువైన దాన్ని బయటికి నెడుతుంది' అని ఒక్క మాట చెప్పి ముగిస్తాయి. ఆ మాట తప్పు కాదు. కానీ మిక్సీలోనూ అపకేంద్ర బలం ఉంది. నిమిషానికి 18,000 చుట్లు తిరిగే మిక్సీలున్నాయి. డెయిరీలో మీగడ తీసే యంత్రం ఆరేడు వేల చుట్లే తిరుగుతుంది. ఎక్కువ వేగంగా తిరిగేది కలిపేస్తుంటే, తక్కువ వేగంగా తిరిగేది విడదీస్తోంది. కాబట్టి కిటుకు వేగంలో లేదు, ఇంకెక్కడో ఉంది.

మొదట తిప్పడం సంగతి పక్కన పెడదాం. నూనె, నీళ్లు ఒక సీసాలో పోసి బాగా ఊపితే తెల్లగా మసకబారుతుంది. నూనె లక్షల బొట్లుగా చీలి నీళ్లలో చెదిరిపోతుంది. దీన్నే ఎమల్షన్ అంటాం. సీసాను కదపకుండా ఉంచితే నూనె సాంద్రత తక్కువ గనక బొట్లు పైకి తేలతాయి, ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, చివరికి పైన ఒక పొరగా నిలుస్తాయి. పాలు కూడా అలాంటివే. నీళ్లలో కొవ్వు గోళికలు తేలుతున్న ఎమల్షన్ అది. కాకపోతే ఒక్కో గోళిక మిల్లీమీటరులో సుమారు మూడువందలవ వంతు, అంటే మూడు మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), దాని చుట్టూ సన్నని పొర ఒకటి ఉంటుంది.

బొట్టు ఎంత వేగంగా తేలుతుందో 1851లో జార్జ్ స్టోక్స్ ఇచ్చిన సూత్రం చెబుతుంది. రెండు ద్రవాల సాంద్రతల మధ్య తేడా ఎంత ఎక్కువైతే అంత త్వరగా తేలుతుంది. ద్రవం చిక్కదనం పెరిగితే నెమ్మదిస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది బొట్టు పరిమాణం. బొట్టు వ్యాసం రెండింతలైతే వేగం నాలుగింతలవుతుంది, పదింతలైతే వంద రెట్లవుతుంది. ఈ వర్గం లెక్కను గుర్తుంచుకోండి, వ్యాసం పొడుగునా దానితో పని పడుతుంది.

మూడు మైక్రాన్ల కొవ్వు గోళికకు ఈ సూత్రం వేస్తే గంటకు సుమారు 1.2 మిల్లీమీటర్లు వస్తుంది. గిన్నెలో పది సెంటీమీటర్ల లోతు పాలుంటే అడుగున ఉన్న గోళిక పైకి రావడానికి మూడున్నర రోజులు. ఈలోపు పాలు విరిగిపోతాయి. (పచ్చి ఆవుపాలలో గోళికలు గుంపులు కట్టి ఇంతకంటే త్వరగా తేలతాయి. గుంపు అంటే పెద్ద బొట్టే కదా.) ఆగలేం కనుక భూమ్యాకర్షణను పెంచాలి. భూమిని పెద్దది చేయలేం కానీ పాత్రను తిప్పగలం.

పది సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న పాత్రను నిమిషానికి 3,000 చుట్లు తిప్పితే, అంచున ఉన్న వస్తువు మీద భూమ్యాకర్షణకు వెయ్యి రెట్ల ప్రభావం పడుతుంది. వేగం రెట్టింపు చేసి 6,000 చుట్లు తిప్పితే నాలుగు వేల రెట్లు. ఇక్కడా వర్గమే. అదే కొవ్వు గోళిక ఇప్పుడు సెకనుకు 1.3 మిల్లీమీటర్లు కదులుతుంది. మూడున్నర రోజుల పని నిమిషంన్నరలోపు ముగుస్తుంది.

ఇక్కడే చాలామందికి ఒక చిక్కు వస్తుంది. తిరిగేటప్పుడు అన్నీ బయటికే కదా పోవాలి, మరి తేలికైన కొవ్వు మధ్యలోకి ఎందుకు వస్తుంది?

ట్యాంక్‌బండ్ మీద పిల్లలకు గ్యాస్ బెలూన్ కొనిచ్చి కారెక్కించిన వాళ్లు దీన్ని కళ్లారా చూసే ఉంటారు. అద్దాలన్నీ మూసి, కారు గట్టిగా ఎడమకు మలుపు తిరిగితే మనం కుడివైపు ఒరుగుతాం. బెలూన్ మాత్రం ఎడమవైపు, అంటే మలుపు లోపలి వైపు ఒరుగుతుంది. దాన్ని ఎవరూ లాగలేదు. కారులోని గాలి బెలూన్ కంటే బరువు. ఆ గాలి కూడా మనలాగే కుడివైపుకు ఒత్తుకుంది, అక్కడ ఒత్తిడి పెరిగింది, ఆ ఒత్తిడి బెలూన్‌ను ఎడమకు తోసింది.

తిరిగే పాత్రలోనూ ఇదే జరుగుతుంది. ప్రతి నీటి కణమూ జడత్వం వల్ల సరళరేఖలో పోవాలనే చూస్తుంది. దాన్ని వలయంలో తిప్పాలంటే ఎవరో ఒకరు మధ్యవైపు నెట్టాలి. గోడ నెడుతుంది. గోడను ఆనుకున్న నీరు దాని లోపలి నీటిని నెడుతుంది. అలా లోపలి నుంచి గోడ దాకా ఒత్తిడి పెరుగుతూ పోతుంది. బొట్టంత నీటిని వలయంలో తిప్పడానికి ఎంత నెట్టుడు కావాలో, ఒత్తిళ్ల మధ్య తేడా సరిగ్గా అంతే అందిస్తుంది. ఇప్పుడు ఆ నీటి చోట అంతే పరిమాణం ఉన్న కొవ్వు బొట్టును పెట్టండి. నెట్టుడు మారలేదు, బరువు తగ్గింది. అవసరానికి మించిన నెట్టుడు పడింది కనుక కొవ్వు మధ్యకు జరుగుతుంది. చెరువులో బెండు పైకి తేలడానికీ దీనికీ తేడా లేదు. ఈ పాత్రలో 'పైకి' అంటే 'మధ్యకు', 'అడుగు' అంటే 'గోడ'.

మరి మిక్సీలోనూ ఇదంతా ఉండాలి కదా? ఉంది. కానీ దాన్ని మించినది ఇంకొకటి ఉంది.

మిక్సీలో జార్ కదలదు, బ్లేడు తిరుగుతుంది. బ్లేడును తాకే ద్రవం దూసుకుపోతుంటే గోడను తాకే ద్రవం ఆగి ఉంటుంది. ఆ రెండిటి మధ్య పొర మీద పొర జారుతూ ఉంటుంది. అలా జారే పొరల మధ్య చిక్కిన నూనె బొట్టు సాగి, తెగి, రెండవుతుంది. ఆ రెండూ మళ్లీ తెగుతాయి. సెంట్రిఫ్యూజ్‌లో అలా కాదు. తిరిగేది పాత్ర. ద్రవం కూడా దానితో పాటే, అదే వేగంతో, గడ్డకట్టిన ముద్దలా తిరుగుతుంది. పక్కపక్క పొరల మధ్య జారుడు దాదాపు ఉండదు.

నుమాయిష్‌లో రంగులరాట్నం ఎక్కిన పిల్లలను చూడండి. అందరూ గిర్రున తిరుగుతున్నారు, కానీ ముందు గుర్రం మీది పిల్లవాడికీ వెనుక గుర్రం మీది పాపకూ మధ్య దూరం మారదు. కబుర్లు చెప్పుకోవచ్చు, చేయి చాచి ఐస్‌క్రీమ్ ఇచ్చుకోవచ్చు. అదే నుమాయిష్‌లో ఆదివారం సాయంత్రం గేటు దగ్గరి జనంలో పడితే చేయి పట్టుకున్న పిల్లలు కూడా విడిపోతారు. మిక్సీ ఆ గేటు లాంటిది, సెంట్రిఫ్యూజ్ రాట్నం లాంటిది. ఆరు వేల చుట్లు తిరిగే పాత్రలో ఒక చీమ కూర్చుని చూడగలిగితే దానికి కనిపించేది కదలని నీరే. బరువు మాత్రమే వేల రెట్లు పెరిగి ఉంటుంది. ఆ నిశ్చలతే బొట్లను తెగనివ్వకుండా ఒక దారిన పోనిస్తుంది.

గ్లాసులో చాయ్ కలిపినప్పుడు కూడా ఈ తేడా కనిపిస్తుంది. అడుగున ఒకటి రెండు చాయ్‌పత్తా రేకులు మిగిలితే చెంచాతో తిప్పి వదిలేయండి. నీళ్ల కంటే బరువైన రేకులు అంచుకు పోవాలి. కానీ అడుగున మధ్యలో కుప్ప పడతాయి. గ్లాసు తిరగడం లేదు గనక అడుగును ఆనుకున్న చాయ్ రాపిడికి నెమ్మదిస్తుంది, అక్కడ అడుగు పొర మధ్య వైపు ప్రవహిస్తూ రేకులను తీసుకొస్తుంది. 1926లో ఐన్‌స్టీన్ నదులు వంకలు తిరగడం గురించి రాసిన వ్యాసంలో వివరించినది దీన్నే. పాత్ర నిలబడి ఉంటే తిప్పుడు ఎన్ని వేషాలు వేస్తుందో చూపడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ నాకు తెలియదు.

మరి అక్క మిక్సీలో వెన్న ఎలా వచ్చింది? మిక్సీ బొట్లను చీల్చేదైతే కొవ్వు ఇంకా చిన్నది కావాలి కదా!

సమాధానం ఆ చల్లటి నీళ్లలో ఉంది. చల్లని మీగడలో కొవ్వు సగం గడ్డకట్టి ఉంటుంది. గోళిక లోపల సూదుల్లాంటి స్ఫటికాలు ఏర్పడతాయి. మిక్సీ వాటిని ఒకదానికొకటి గుద్దిస్తే స్ఫటికాలు పొరను చీల్చుకుని పక్క గోళికలోకి దిగుతాయి, గోళికలు అతుక్కుంటాయి. అలా కోట్ల గోళికలు కలిసి గింజంత వెన్న అవుతుంది. మూడు మైక్రాన్ల గోళిక ఒక మిల్లీమీటరు ముద్ద అయితే వ్యాసం మూడు వందల రెట్లు పెరిగినట్టు, వర్గం లెక్కలో లక్ష రెట్లు. అంత పెద్ద ముద్దకు స్టోక్స్ సూత్రం అచ్చంగా వర్తించదు గానీ, వెన్న నిమిషాల్లో పైకి ఎందుకు తేలిందో అర్థమవుతుంది. అంటే మిక్సీ వెన్నను విడదీయలేదు, పెద్దది చేసింది. విడదీసింది మామూలు భూమ్యాకర్షణే.

మా అమ్మమ్మ కవ్వం తాడు ఇటొకసారి అటొకసారి లాగేది. అది చేతి సౌకర్యం కోసమే అనుకునేవాణ్ని. ఒకే వైపు తిప్పుతూ పోతే మజ్జిగ కవ్వంతో పాటు తిరగడం మొదలుపెడుతుంది, గుద్దుకోవడం తగ్గుతుంది. ప్రతి లాగుడుకూ దిశ మారితే మజ్జిగకు కుదురు ఉండదు. చిలకడానికి కావలసింది ఆ కుదురు లేకపోవడమే, సెంట్రిఫ్యూజ్‌కు కావలసింది పూర్తిగా కుదురుకోవడం. ఉష్ణోగ్రతలు కూడా ఎదురెదురే. వెన్న తీయడానికి చల్లదనం కావాలి. డెయిరీలో మీగడ తీసేముందు మాత్రం పాలను చాలాచోట్ల 40-50 డిగ్రీల దాకా వేడి చేస్తారు, చిక్కదనం తగ్గి గోళికలు తేలిగ్గా కదలాలని.

ఇక యంత్రం దగ్గరికి వద్దాం. తిప్పి మీగడ తీసే ప్రయత్నాలు 1860ల నుంచే యూరప్‌లో ఉన్నాయి. జర్మనీకి చెందిన ఆంటోనిన్ ప్రాంట్ల్ 1864లో అలాంటిది చేశాడు. తొలి యంత్రాల్లో పాలు పోసి, తిప్పి, ఆపి, మీగడ తోడుకోవాలి. ఆపకుండా నడిచే యంత్రాన్ని స్వీడన్ ఇంజనీరు గుస్తావ్ డి లావాల్ 1878లో తెచ్చాడు. ఒక గొట్టంలోంచి పాలు వస్తుంటే ఒక దారిలో మీగడ, ఇంకో దారిలో వెన్న తీసిన పాలు పోతుంటాయి. ఈ యంత్రాన్ని వేగంగా తిప్పడానికి ఆయన చిన్న ఆవిరి టర్బైన్లు తయారుచేశాడు. అవి నిమిషానికి 30,000 చుట్లు అందుకునేవి. వాటి కోసం నడుము సన్నగా ఉండి మళ్లీ వెడల్పయ్యే ఒక నాజిల్ రూపొందించాడు. ఇవాళ రాకెట్ ఇంజన్లలో ఉండేది ఆ ఆకారమే, మన కంచన్‌బాగ్‌లో రూపకల్పన చేసే క్షిపణులకూ అదే. పాల మీగడ కోసం మొదలైన పని అంత దూరం పోయింది.

కానీ యంత్రంలో నాకు అన్నిటికంటే నచ్చేది వేగం కాదు, లోపలి పళ్లేలు. క్లెమెన్స్ ఫాన్ బెక్టోల్‌షైమ్ అనే జర్మన్ 1888లో వీటికి పేటెంట్ పొందాడు, మరుసటి ఏడాదే డి లావాల్ కంపెనీ దాన్ని కొనేసింది. గరాటుల్లాంటి పలుచని పళ్లేలను ఒకదాని మీద ఒకటి, అర మిల్లీమీటరు సందుతో పేరుస్తారు. పాలు ఆ సందుల్లోకి వెళ్తాయి. ఇప్పుడు కొవ్వు గోళిక పది సెంటీమీటర్లు ప్రయాణించనక్కర్లేదు. అర మిల్లీమీటరు జరిగి పళ్లేన్ని తాకితే చాలు, ఆపైన పళ్లెం వెంట మధ్యకు జారిపోతుంది. సెకనుకు 1.3 మిల్లీమీటర్ల లెక్కన ఆ దూరానికి అర సెకను కూడా పట్టదు. బలాన్ని పెంచడం ఒక తెలివి, ప్రయాణాన్ని తగ్గించడం అంతకు మించిన తెలివి. పైగా సన్నని సందుల్లో పాలు పళ్లేలతో పాటే తిరుగుతాయి, జారుడుకు చోటుండదు. వెన్న తీసిన పాలలో కొవ్వు 0.1 శాతం కంటే తక్కువకు దిగేది ఈ పళ్లేల వల్లే.

రెండు ద్రవాలు విడిపోయాక మళ్లీ కలవకుండా బయటికి ఎలా వస్తాయి? చెరువు మత్తడిని గుర్తు చేసుకోండి. చెరువులో నీరు ఎక్కడ నిలవాలో మత్తడి ఎత్తు నిర్ణయిస్తుంది. ఇక్కడ రెండు మత్తళ్లు ఉంటాయి. ఒకటి తేలిక ద్రవానికి, ఒకటి బరువైన దానికి, రెండూ ఇరుసు నుంచి వేర్వేరు దూరాల్లో వలయాల రూపంలో. వాటి దూరాలను బట్టి రెండు ద్రవాల మధ్య సరిహద్దు ఎక్కడ నిలవాలో తేలుతుంది. వలయం తప్పుగా ఎంచుకుంటే సరిహద్దు జరిగిపోయి నూనె నీటి దారిలో పోతుంది. ఓడల్లో ఇంధనం నుంచి నీటిని తీసే యంత్రాల దగ్గర పనిచేసేవారు ఈ వలయాన్ని మార్చడం మొదటే నేర్చుకుంటారు. అశ్వారావుపేట వైపు ఆయిల్ పామ్ గెలలు పిండే చోట నూనె, నీరు, పిప్పి కలిసిన రసాన్ని విడదీయడంలోనూ ఈ సూత్రమే పనిచేస్తుంది. పాల దగ్గర ఈ సరిహద్దుకు తోడు మీగడ దారిలో ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పి మీగడ ఎంత చిక్కగా రావాలో సర్దుకుంటారు.

ఈ సూత్రాన్ని మా ఇంట్లో అందరం టెన్షన్‌తో చూసిన రాత్రి ఒకటుంది. ఒక వానాకాలంలో మా బావకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. నేను రక్తం ఇచ్చి బ్లడ్ బ్యాంకు బయట కూర్చున్నాను. రక్తం రెండు ద్రవాల మిశ్రమం కాదు, ద్రవంలో తేలే కణాల మిశ్రమం. అయినా లెక్క అదే. ఎర్ర కణాల సాంద్రత సుమారు 1.09, అవి తేలే ద్రవమైన ప్లాస్మాది 1.025. ప్లేట్‌లెట్లు ఎర్ర కణాల్లో మూడో వంతు సైజు. వర్గం లెక్క ప్రకారం అవి చాలా నెమ్మదిగా దిగుతాయి. అందుకే మొదట మెల్లగా తిప్పితే ఎర్ర కణాలు అడుగుకు పోతాయి, ప్లేట్‌లెట్లు ప్లాస్మాలోనే ఉండిపోతాయి. ఆ ప్లాస్మాను వేరే సంచిలోకి తీసి, ఈసారి గట్టిగా తిప్పితే ప్లేట్‌లెట్లు దిగుతాయి.

యంత్రం తిరగడం అయిపోయినట్టు శబ్దం తగ్గింది, కానీ ఎంతకీ మూత తెరవరు. "ఇంకా ఎంతసేపండీ?" అని అడిగితే టెక్నీషియన్, "దానంతట అదే ఆగాలి సార్. బ్రేకు వేస్తే పొరలు మళ్లీ కలిసిపోతాయి" అన్నాడు. మిక్సీకీ సెంట్రిఫ్యూజ్‌కీ తేడా మొత్తం ఆ మాటలో ఉంది. పాత్ర హఠాత్తుగా ఆగితే లోపలి ద్రవం ఆగదు. జారుడు మొదలవుతుంది, సెంట్రిఫ్యూజ్ కాస్తా మిక్సీ అవుతుంది. ఎదురెదురు సంచులను తూచి మరీ పెట్టడం కూడా ఆ రాత్రే చూశాను. నాలుగు వేల రెట్ల దగ్గర ఒక గ్రాము తేడా నాలుగు కిలోల తేడాతో సమానం, ఇరుసు ఊగిపోతుంది.

తిప్పడం వల్ల కానివి కూడా చెప్పాలి. చాయ్‌లో కరిగిన చక్కెరనూ నీళ్లలో కలిసిన స్పిరిట్‌నూ ఈ యంత్రాలు విడదీయలేవు. అక్కడ బొట్లు లేవు, అణువులున్నాయి. అణువుకు చుట్టూ ఉన్న అణువుల తోపులాటే ఎక్కువ. ప్రొటీన్ల వంటి పెద్ద అణువులను మాత్రం అంతకంటే ఘోరమైన వేగంతో దించవచ్చని స్వీడన్‌కే చెందిన స్వెడ్‌బెర్గ్ 1920ల్లో చూపాడు, 1926లో నోబెల్ అందుకున్నాడు. హబ్సిగూడలోని సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో వాడే అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లు భూమ్యాకర్షణకు లక్ష రెట్లు దాటిపోతాయి. సబ్బు కలిసిన నూనె నీళ్లది ఇంకో రకం మొండితనం. బొట్ల చుట్టూ సబ్బు పొర కట్టి అవి కలవకుండా కాస్తుంది, ముందు వేడితోనో రసాయనంతోనో ఆ పొరను విరగ్గొడితే గానీ తిప్పినా లాభం తక్కువ. మేనకోడలి మయోనీజ్‌లో ఆ కాపలా పని పాలలోని ప్రొటీన్లు చేశాయి.

ఆ సాయంత్రం డాబా మీద ఇద్దరం ఒక ప్రయోగం చేశాం. రెండు చిన్న ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు, నూనె పోసి ఒకేలా ఊపాం. ఒకటి పిట్టగోడ మీద పెట్టాం. రెండోదాన్ని గుడ్డ సంచిలో గట్టిగా కట్టి, మీటరు తాడుతో, దగ్గర్లో ఎవరూ లేకుండా చూసుకుని సెకనుకు రెండు చుట్ల చొప్పున తిప్పాను. లెక్క ప్రకారం అది పదహారు రెట్ల భూమ్యాకర్షణ. నిలబెట్టిన సీసాలో పావుగంట పట్టే పని నిమిషంలో కావాలి. తాడు నిదానంగా ఆపి తీసి చూస్తే నీళ్లు సీసా అడుగున, నూనె మూత వైపు, మధ్యలో గీత స్పష్టంగా ఉంది. పిట్టగోడ మీది సీసా ఇంకా మసకగానే ఉంది.

కిందికి దిగాక అక్క తన సందేహం బయటపెట్టింది. "ఈమధ్య వేరే ప్యాకెట్ తెస్తున్నా. అందులో మీగడే సరిగ్గా కట్టడం లేదు. కల్తీనా?" చెత్తబుట్టలోంచి ఖాళీ ప్యాకెట్ తీసి చూశాను. ఒకవైపు టోన్డ్ అని ఉంది, అంటే కొవ్వు 3 శాతం. మునుపు తెచ్చే ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. డెయిరీలో కొవ్వును తీసి, మళ్లీ లెక్క ప్రకారం కలిపితే వచ్చే అంకెలు ఇవి. ఇంకోవైపు చిన్న అక్షరాల్లో హోమోజనైజ్డ్ అని ఉంది. అంటే పాలను గట్టి ఒత్తిడితో సన్నని సందులోంచి పంపి, గోళికలను మైక్రాన్ కంటే చిన్నవిగా చీల్చారు. 1899లో ఫ్రాన్స్‌లో ఒగుస్త్ గోలాన్ పేటెంట్ తీసుకున్న పద్ధతి అది. మూడు మైక్రాన్ల గోళిక అర మైక్రాన్ అయితే తేలే వేగం ముప్పై ఆరు రెట్లు పడిపోతుంది. రోజంతా ఆగినా మిల్లీమీటరు కూడా పైకి రాదు. కల్తీ ఏమీ లేదు, మీగడ పాలలోనే ఉంది, పైకి రాలేకపోతోంది.

"అయితే రేపటి నుంచి పాతదే తేవాలి" అంది అక్క, డబ్బా మూత పెట్టి ఫ్రిజ్‌లో సర్దుతూ.